కడగక్కర్లేని తుపాకీ

వెర్లీన్ రొట్టెల పిండి పిసుకుతుంటే వంటింటి తలుపు దబదబా మోగింది.

తీసేలోగానే తోసుకుని ఒక ముసలాయన లోపలికి వచ్చేశాడు.

మట్టిరంగు కోటు, మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు. వేటకాలంలో ఈ కెంటకీ కొండల్లో మనిషని దూరంనుంచే తెలిసే నారింజ రంగు చొక్కా తొడక్కుండా ఎవరూ గడప దాటరు. ఈయన ఒంటిమీద ఆ రంగు పోగైనా లేదు.

ఆ రంగు లేకుండా అడవిలో తిరిగేది దొంగవేటగాళ్లే.

వెర్లీన్ బల్ల అవతలికి జరిగింది. పోయిన వారమే ఆమె మొగుడు డాయిల్ దొంగవేటగాళ్లను పట్టిచ్చాడు. "నీ సంగతి అడవిలోనే తేలుస్తాం" అని వాళ్లు చెప్పి మరీ పోయారు.

"డాయిల్ ఎక్కడమ్మా?" ముసలాయన రొప్పుతున్నాడు.

"ఎవరయ్యా మీరు? ఆయనతో మీకేం పని?"

"చెప్పే తీరిక లేదు తల్లీ. తుపాకీలో ఏ మందు పోసుకెళ్లాడు?"

"నాకేం తెలుసు?"

తెలియకేం, తెలుసు. అది మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దిగదోసి పేల్చే తుపాకీ. పేల్చిన సాయంత్రమే మరలూడదీసి, సబ్బూ వేణ్ణీళ్లూ పెట్టి గొట్టం కడక్కపోతే తెల్లారేసరికి తుప్పు. ఆ కడుగుడంతా ఎవరి పాలబడింది? వెర్లీన్ పాలే! వంటింటి తొట్టిలో, కుళ్లిన కోడిగుడ్ల కంపులో. "నువ్వు పెళ్లాడింది నన్నా, నీ తుపాకీకి దాసీనా?" అని ఆమె సణగని వేటకాలం లేదు.

ఆ పొద్దున డాయిల్ కన్నుగీటాడు. "ఇవాళ్టితో నీకా చాకిరీ తప్పిందే. మసి పట్టని మందు పోశా. కడగక్కర్లేదు!"

వెర్లీన్ ఎంత సంబరపడిందో.

"ఇంకా పేల్చలేదు కదా?" ముసలాయన ఒక అడుగు ముందుకేశాడు. "ఎటు పోయాడో చెప్పు తల్లీ, నీకు దణ్ణం పెడతా."

తుపాకీలో ఇంకా గుండుందో లేదో ఆరా తీస్తున్నాడు!

డాయిల్ వెళ్లింది దక్షిణాన వాగు ఒడ్డుకు.

"ఉత్తరం గట్టుకు," అంది వెర్లీన్.

అక్కడ మరిది వేడ్, అతని స్నేహితులూ తుపాకులతో కాచుక్కూర్చున్నారు. వీడు వాళ్ల మధ్యకే పోయి పడితే సరి. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

"చల్లగా ఉండు తల్లీ." ముసలాయన గుండె పట్టుకుని పరుగెత్తాడు. మట్టిరంగు కోటు ఎండుటాకుల్లో కలిసిపోయింది.

ఆమె గడియ వేసింది. పడకగదిలో ఫోన్ ఇందాకటినుంచీ మోగుతూనే ఉంది. పిండి చేతులతోనే ఎత్తింది.

ఊళ్లో దుకాణం నడిపే ఓపల్.

"ఎత్తి చావవేమే! పెద్దాయన వచ్చాడా?"

"వచ్చాడక్కా, చంపేసేట్టున్నాడు! మట్టిరంగు కోటు..."

"ఆయనే! డాయిల్ ఇక్కడ కాఫీ తాగుతూ కోతలు కోశాడటే, తూటాల్లో నింపే పొగలేని మందు ఆ తుపాకీలో పోశానని. మూల బల్ల దగ్గరున్న ఆయన తింటున్న రొట్టె వదిలేసి వెంటపడ్డాడు. అప్పటికే మీవాడి బండి మలుపు తిరిగింది. మీ ఇంటి దారి నేనే చెప్పా."

"ఆ మందు పోస్తే ఏమవుతుందక్కా?"

"ఆ గొట్టం దాని ధాటికి ఆగదే! మొహం దగ్గరే పగులుతుంది."

వెర్లీన్ నారింజ చొక్కా మెడలో వేసుకుని వాగువైపు పరుగు తీసింది.

సగం దారిలో ఉండగా, ఢాం!

వేరు తట్టుకుని బోర్లాపడింది. "డాయిల్!" అని గొంతు చించుకుని అరిచింది. పాకుతూ లేచి, పడుతూ, మళ్లీ పరుగెత్తింది.

వాగు పక్కన పడిపోయిన మానుమీద డాయిల్ కూర్చుని ఉన్నాడు. నిక్షేపంగా. తుపాకీ ఒళ్లో ఉంది.

"అరిచి అడవంతా లేపావు కదే! ఇప్పుడే కొమ్ముల జింక ఒకటి దిగుతోంది, గురి పెట్టబోతున్నా."

ఆమె తుపాకీ లాగేసి గడ్డిమీద పెట్టింది. అతని మొహమంతా చేతులతో తడిమింది. చెంపలకు పిండి అంటింది.

"ఏమిటే ఇది?"

"నువ్వు పేల్చలేదా? మరి ఆ మోత?"

"అదా? ఉత్తరం గట్టుమీద. మా వేడ్‌గాడికి జింక దొరికినట్టుంది, అదృష్టవంతుడు."

వెర్లీన్ ఉత్తరం వైపు చూసింది.

సాయంత్రం షెరీఫ్ పంపిన పోలీసు మనిషి వాళ్ల వసారాలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మెట్లమీద వేడ్ తల పట్టుకుని కూర్చున్నాడు.

"పొదల్లో ఏదో మట్టిరంగు కదిలింది వదినా... జింకే అనుకున్నా... ఆయన అన్నయ్య పేరు పెట్టి అరుస్తున్నాడని దగ్గరికెళ్లాకే తెలిసింది."

వెర్లీన్ అతని తలమీద చెయ్యి వేయబోయి ఆగిపోయింది.

"ఆయన తాలూకు ఎవరికైనా కబురు చెప్పాలి. ఎవరున్నారు?" షెరీఫ్ మనిషి అడిగాడు.

"ఎవరూ లేరు," అంది దుకాణం మూసి వచ్చిన ఓపల్, కళ్లు తుడుచుకుంటూ. "ఎమ్మెట్ హాస్కిన్స్ అని, కొండకవతలి ఊరు. ఈ కాలం వస్తే చాలు, దుకాణాల్లో కూర్చుని వేటకు పోయేవాళ్లను ఆపి మందు సంగతి అడుగుతుంటాడు. చాదస్తమని నవ్వుకునేవాళ్లం."

"ఎందుకక్కా ఆయనకా పని?" వెర్లీన్ అడిగింది.

రెండేళ్ల కిందట, ఒక్కగానొక్క కొడుకు తుపాకీలో కడగక్కర్లేని ఆ మందును తన చేత్తోనే పోసి, నవ్వుతూ అడవికి పంపిన తండ్రి ఆయన.