ఏడో క్లిప్పు

ఏడో క్లిప్పు మళ్ళీ ఊడింది.

నిన్న సాయంత్రం అరచేత్తో గుద్ది మరీ బిగించాను. ఈ పాత లారీ తలుపు లోపలి అట్టకు పన్నెండు క్లిప్పులు. పదకొండు మాట విన్నాయి. ఇదొక్కటే నాలుగు రోజులుగా తెల్లారేసరికి బయటికొచ్చి నన్ను వెక్కిరిస్తోంది. ఇది నిలబడితే పని పూర్తయినట్టే, ఇక నేను రానక్కర్లేదు.

“ఏరా, ఇవాళా దారికి రాలేదా?” అన్నాడు పెద్దాయన. ముప్పై ఏళ్ళు ఈ లారీనే నడిపి, ఇప్పుడు తన ఇంటి వెనక షెడ్డులో నాచేత బాగు చేయించుకుంటున్నాడు. పొద్దున్నే నా పక్కన కుర్చీ వేసుకుంటే చీకటి పడేదాకా కబుర్లు ఆపడు.

“ఈ క్లిప్పు చేసినవాడి చేతులు పడిపోను. మీరు కాసేపు మాట్లాడకుండా ఉంటే బిగుస్తుంది.”

“నా మాటలకి క్లిప్పులూడతాయా? నీ చేతిలో పస లేదను.”

ఒళ్ళు మండి అట్ట ఎత్తి చూశాను. రంధ్రం పక్కన కొత్త రంగు మీద స్క్రూడ్రైవరు గీతలు, నాలుగు. ఈ తలుపుకి నేను స్క్రూడ్రైవరే వాడలేదు.

పెద్దాయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

తిట్టడానికి నోరు తెరిచాను. సాయంత్రం నేనే తాళం తీసుకుని వెళ్ళాల్సిన నా ఖాళీ గది గుర్తొచ్చి నోరు మూసేశాను.

ఒక్క దెబ్బకి క్లిప్పు బిగించాను. ఆయన లేచి కుర్చీ మడవబోయాడు.

“ఎక్కడికి? రేపు అవతలి తలుపు విప్పాలి.”

“అది పోయిన వారమే బిగించావుగా.”

“సరిగ్గా బిగించానని మీకెవరు చెప్పారు?”