చెవిలో మర్యాదపూస

ఇప్పుడు దాదాపు అందరి చెవుల్లోనూ మర్యాదపూసలే. ఎదుటివాడు ఎంత బూతు కూసినా పూస దాన్ని కడిగి, 'గారూ' తగిలించి వినిపిస్తుంది. నోళ్లు బాగుచేయడం చేతగాని సర్కారు చెవులకు సున్నం కొట్టింది.

ఆడా మగా రెండూ కాని కిన్నెర మిర్చి యార్డులో కాయలు ఏరుతారు. పొద్దస్తమానం 'కిన్నెర గారూ' అనే వింటారు. అసలు ఏ నోట ఏముందో? పక్కన కూర్చోబెట్టుకుని సద్ది పంచే ఎల్లవ్వ నోట ఏముందో? ఆ అనుమానం భరించలేక ఓ మధ్యాహ్నం తెగించి పూస పీకేశారు.

"అటూ ఇటూ గానిదానా, జరుగు!" అన్నాడు హమాలీ మల్లేశం.

కిన్నెర చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది.

"నీ నోట్ల మన్నువడ! కిన్నెర అని పేరు లేదార? ఆడైనా, మగైనా, రెండూ గాకున్నా బిడ్డ బిడ్డేరా!" అని, పూస గిట్టక ఏనాడూ పెట్టుకోని ఎల్లవ్వ గయ్యిమంది. ఇటు తిరిగి, "నువ్వు తిను బిడ్డా" అంది.

బిడ్డా! ఇన్నాళ్లూ ఆ పాడు పూస ఈ మాటను కూడా కడిగేసి 'గారూ' చేసింది. కిన్నెర దాన్ని తొడిమల కుప్పలోకి విసిరేశారు.

"ఏడుస్తున్నవేంది? వాని మాటకా?"

"కాదవ్వా. నీ కడుపు సల్లగుండాలె. ఇంకోపారి పిలువు."