పేరుకే చిన్న

"చిన్నపేగే కదా డాక్టరమ్మా, మొత్తం కోసి పారెయ్యండి. పెద్దది ఉందిగా!" అన్నాడు ఆసుపత్రి మంచం మీంచి ముసలి మెకానిక్.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "పేరుకే చిన్న, బాబాయ్. సన్నంగా ఉంటుందని ఆ పేరు. పొడవు ఇరవై అడుగులు! తిన్నది అరిగించేదీ, సారం పీల్చి ఒంటికి పట్టించేదీ అదే. అది లేకపోతే విందు తిన్నా పస్తే. పాడైన ముక్క మాత్రమే తీస్తాను."

"మరి పెద్దదేం చేస్తుంది?"

"అంతా అయ్యాక మిగిలిన నీళ్లు తాగుతుంది."

మెకానిక్ తల తిప్పాడు. ఉన్న ఒక్క కుర్చీలో పెద్దకొడుకు కూర్చుని, తమ్ముడు తెచ్చిన నీళ్లసీసా గటగటా ఖాళీ చేస్తున్నాడు. షెడ్డు నుంచి తండ్రిని భుజాన మోసుకొచ్చిన చిన్నకొడుకు గ్రీజు చేతులతో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఒరే పెద్దపేగూ, లేవరా!" అన్నాడు తండ్రి. "నా చిన్నపేగుని కూర్చోనీ."