పద్దెనిమిది జీబీల తరుగు

"గిండ్ల తరుగు తీసిన్రు బిడ్డా!"

కొత్త లాప్‌టాప్‌ను కౌంటర్ మీద పెడుతూ ఆ పెద్దాయన అన్న మొదటి మాట అది.

హుజూర్‌నగర్‌లో కంప్యూటర్ షాపు పెట్టిన ఆరేళ్లలో శివకుమార్ రకరకాల ఫిర్యాదులు విన్నాడు. ఇలాంటిది మాత్రం ఇదే మొదటిసారి.

అసలే అతని మనసు మనసులో లేదు. ఊళ్లో తండ్రి వడ్లు కొనుగోలు సెంటర్‌లో కుప్ప పోసి పదమూడు రోజులైంది. ఇంకా కాంటా కాలేదు, తూకం పడలేదు. బయట మబ్బు కమ్ముకొస్తోంది. పొద్దున్నుంచి బాపు ఫోన్ ఎత్తడం లేదు.

"తరుగేంది పెద్దయ్యా? ఇదేమన్న వడ్ల బస్తానా?"

"డబ్బా మీద రెండు వందల యాభై ఆరు అని రాసిన్రు. మా మనుమరాలు హరిత తెరిచి చూస్తే రెండు వందల ముప్పై ఎనిమిదే ఉన్నది. కడమ పద్దెనిమిది ఏడవోయినయి?"

పక్కన ప్రింటర్ బాగుచేస్తున్న గోపీకృష్ణ కిసుక్కున నవ్వాడు.

వడ్లు తూకం వేసేటప్పుడు తేమ అని, తాలు అని బస్తాకు ఒకటి రెండు కిలోలు కోస్తారు. అదే తరుగు. ఆ మాట వింటే ఏ రైతుకైనా ఒళ్లు మండుతుంది. కానీ కంప్యూటర్‌లో తరుగు పట్టుకున్న రైతు ఈయనొక్కడే.

"కంపెనీ వెయ్యిని ఒక లెక్క అంటది. మిషన్ వెయ్యి ఇరవై నాలుగైతేనే ఒక లెక్క అంటది. అందుకే అంకె తగ్గింది. లోపలి జాగా తగ్గలే," అన్నాడు శివకుమార్.

పెద్దాయన వేళ్ల మీద లెక్కేశాడు.

"అంటే చిన్న మానికతోటి కొలిచి అమ్మిన్రు, పెద్ద మానికతోటి కొలిచి చూపిస్తున్నరు."

"గంతే."

"మరి గా ముచ్చట డబ్బా మీద రాయొద్దా?"

శివకుమార్ లాప్‌టాప్‌ను ఆయన వైపు నెట్టాడు.

"ఇంకోటి బిడ్డా. రేపు పరీక్షకు పిల్ల దీంట్ల ఏదో ఎక్కియ్యాల్నట. జాగా లేదంటాంది. పొద్దటి సంది ఒకటే ఏడుపు."

శివకుమార్ విసుగ్గానే తెరిచి, ఏది ఎంత జాగా తిన్నదో చూశాడు. విండోస్ తినేది అది తిన్నది. మిగతాదంతా వీడియోలే.

"గీ పెండ్లి ఎవరిది?"

"మా చిన్నోనిది. ఫోన్లు నిండినయని చుట్టాలందరు దీంట్లనే దాసుకున్నరు."

"ఒకటే పెండ్లి మూడుసార్లున్నది."

"మేం ఒక్కసారే చేసినం!"

గోపీకృష్ణ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది.

శివకుమార్ ఒకటి ఉంచి రెండు తీసేశాడు. పెద్దాయన వంగి చూశాడు.

"జాగా పెరగలే కద?"

"అవి చెత్తబుట్టలకు పోయినయి. బుట్ట గూడ ఖాళీ చేస్తేనే జాగా."

"జర ఆగు. ఉంచింది మంచిగున్నదా, చూసినవా?"

చూడలేదు. ఆడించి చూస్తే అది తలంబ్రాల దగ్గరే ఆగిపోయింది. శివకుమార్ నాలుక కరుచుకున్నాడు. బుట్టలోంచి మంచిది ఏరి పక్కన పెట్టి, ఆగిపోయినదాన్నీ అందులో వేసి బుట్ట ఖాళీ చేశాడు. ఈసారి సగానికి పైగా జాగా వచ్చింది.

పెద్దాయన ముఖం విప్పారింది. "ఇగ పిల్లకు ఫికర్ లేదు. సల్లగుండు బిడ్డా."

లాప్‌టాప్‌ను తువ్వాలలో చుట్టి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. వచ్చినప్పటి నుంచీ నిలబడే ఉన్నాడు. స్టూలు మీది డబ్బా తీసి కూర్చోమనాలని శివకుమార్‌కు తోచనే లేదు.

"తరుగు తాత!" అన్నాడు గోపీకృష్ణ. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆ వెంటనే ఫోన్ మోగింది.

"మన వడ్లు కాంటా అయినయిరా! లారీ గూడ ఎక్కినయి. బస్తాకు ఒక్క కిలో తరుగు తియ్యలే!"

శివకుమార్‌కు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. "ఎట్ల బాపు?"

"మన పక్క కుప్ప సైదులన్నది. మూడు దినాల సంది కాంటా ముంగట కూసుండి బస్తబస్తకు లెక్క అడిగిండు. అందరికి తరుగు బందు పెట్టిన్రు."

"మన సీరియల్ నంబరు ఇంకా రాలే కద?"

"ఇయ్యాల సీరియల్ ఆయనదే. నాకిచ్చిండు."

"మరి ఆయన వడ్లు?"

"ఇంకా కుప్పగనే ఉన్నయి. మన టార్పాలిన్ పరదాలు గూడ తెచ్చి కప్పిన. 'నువ్వు ముంగట పో తమ్మీ, మా హరిత కంప్యూటర్‌ల గూడ తరుగు తీసిన్రట, హుజూర్‌నగర్ పోయి అడిగొస్త' అని పొద్దుగాలనే బస్సెక్కిండురా."