కోటకి కాపలా కాసిన డోబ్రి

"అక్కడికి మాత్రం వద్దు" అన్నాడు డోబ్రి, మంచులో భార్యకి అడ్డంగా నిలబడి.

"ఎక్కడికి? మరుగుదొడ్డికా?" వెలిచ్కా నడుం మీద చేతులు పెట్టుకుంది. "పొద్దున్నించి మూడు గ్లాసుల టీ తాగించావు. నీ కోట చుట్టూ మూడుసార్లు తిప్పావు. ఇంక నావల్ల కాదు."

"కింద బజార్లో కాఫీ కొట్టుంది. అక్కడైతే శుభ్రంగా ఉంటుంది."

"కింద బజారంటే నూట యాభై మెట్లు. అన్నీ గడ్డకట్టి ఉన్నాయి. నేను దిగేది కాళ్ళమీద కాదు, వీపుమీద."

తర్నోవో కోట గుమ్మానికి ఎడంపక్కన, గోడని ఆనుకుని ఉంది ఆ పాత సిమెంటు మరుగుదొడ్డి. దాని ముందు కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న కాపలా ముసలమ్మ, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ వీళ్ళ తగువంతా వింటోంది. చలికాలంలో ఆవిడకి అంతకన్నా కాలక్షేపం ఏముంటుంది?

"రావమ్మా, లోపల వెచ్చగా ఉంటుంది. పాతకాలం గోడలు, చలి చొరదు" అంది.

"ఆ గోడలు బాగుండవు" అన్నాడు డోబ్రి చప్పున.

"నీకెలా తెలుసు? ఆడవాళ్ళ వైపు నువ్వెప్పుడు వెళ్ళావయ్యా?" అంది వెలిచ్కా.

ముసలమ్మ గింజ పొట్టు ఊసి మరీ నవ్వింది. డోబ్రి మెడ దాకా ఎర్రబడ్డాడు. వెలిచ్కా అతన్ని పక్కకి నెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

డోబ్రి అక్కడే నిలబడిపోయాడు. అంత చలిలోనూ టోపీ కింద చెమట పట్టింది.

గంట క్రితం దాకా అతని మాటలకి పట్టపగ్గాలు లేవు. "ఇదిగో, ఈ గుమ్మం దగ్గరే! రెండేళ్ళు! భుజాన తుపాకీ! ఓ చలికాలం నా నీడ గోడకి అంటుకుని గడ్డకట్టుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. సరేలే అని దాన్నే కాపలా పెట్టి, నేను పోయి సూపు తాగొచ్చాను. అధికారి వచ్చి నీడకి సెల్యూట్ కొట్టి వెళ్ళాడట!"

వెలిచ్కా అతన్ని గుమ్మం ముందు నిలబెట్టి ఫోన్లో ఫొటో తీసింది. "మా అక్క సెవ్దాకి పంపిస్తాను. పెళ్ళినాటి నుంచీ ఒకటే ఎగతాళి, నీ మొగుడికి తుపాకీ ఎవరిచ్చారే అని."

ఎవరూ ఇవ్వలేదు. అదీ సంగతి. డోబ్రిని వేసింది పార దళంలో. సైన్యం ఆ దళానికి ఇచ్చేది పారలు, తాపీలు, సిమెంటు బస్తాలు. రెండేళ్ళు చాకిరీ చేసి ఇంటికొస్తే వాళ్ళని సైనికులని ఎవరూ అనరు, పైగా నవ్వుతారు. అందుకే పెళ్ళికి ముందు వెలిచ్కాకి రాసిన ఉత్తరాల్లో మాత్రం డోబ్రి కోటకి కాపలా కాశాడు. నిజానికి కోటకి అతను చేసిన సేవ ఏదైనా ఉందంటే ఈ మరుగుదొడ్డే. ఆడవాళ్ళ వైపు గోడ అతని చేత్తో పూసిందే. పూత తడిగా ఉండగానే మేకుతో పేరు, పటాలం, కింద వెలిచ్కా పేరు, ఇంకా ఏవో గీతలు గీశాడు. కుర్రతనం. వాటిమీద ఎవరైనా సున్నం వేసి ఉంటే ఎంత బాగుండునని ఇప్పుడు దేవుణ్ణి వేడుకున్నాడు.

వెలిచ్కా ఎంతకీ రాదే!

"మీ ఆవిడ గోడలు చదువుతున్నట్టుంది" అంది ముసలమ్మ.

తలుపు తెరుచుకుంది. వెలిచ్కా తాపీగా చేతి తొడుగులు వేసుకుంటూ వచ్చింది.

"గట్టి గోడలే. నలభై ఎనిమిదేళ్ళయినా ఒక్క పగులు లేదు."

"ఎవరు కట్టారో..." అన్నాడు డోబ్రి. నోట్లోంచి మాట కన్నా ఆవిరే ఎక్కువ వచ్చింది.

"పార దళం వాళ్ళట. పేరు కూడా రాసుకున్నాడు పాపం. డోబ్రి, రెండో పటాలం."

డోబ్రి ఉన్నచోటనే మంచులో చతికిలబడ్డాడు. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు.

"లే, లే! గడ్డకట్టుకుపోతావు. ఈ వయసులో నిన్ను పారతో తవ్వి తీసే ఓపిక నాకు లేదు."

"అబద్ధాలాడాను వెలిచ్కా. సిగ్గేసి ఆడాను. తుపాకీ లేనివాణ్ణి ఎవరు చేసుకుంటారనిపించింది."

"పిచ్చోడా, పెళ్ళికి ముందే తెలుసు నాకు. నీ ఉత్తరం మడత విప్పితే చాలు, ఒళ్ళో సిమెంటు పొడి రాలేది. తుపాకీలోంచి ఎక్కడైనా సిమెంటు రాలుతుందా?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఆ నీడ కథ మానేసేవాడివి. అది వింటూనే కదా మన పిల్లలు నిద్రపోయేవాళ్ళు."

డోబ్రికి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు. నలభై ఎనిమిదేళ్ళ సిమెంటు బస్తా వీపు మీంచి దిగినట్టుంది.

"ఇంక నీ దగ్గర దాచింది ఏమీ లేదు వెలిచ్కా. ఒట్టు!"

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

వెలిచ్కా జేబులోంచి ఫోన్ తీసి, లోపల గోడకి తీసిన ఫొటో అతని ముక్కు ముందు పెట్టింది.

"అయితే నా పేరు రాసేముందు, అక్కడ మా అక్క పేరు రాసి ఎందుకు కొట్టేశావు?"