తారాబాయి పేరు పక్కన

శంషాబాద్ ప్రాంతీయ ఆరోగ్య మండలి ఆఫీసు గోడమీద కొత్త సభ్యుల పేర్లు, పక్కనే వాళ్ల వృత్తులు రాస్తున్నాడు పెయింటర్ కుర్మయ్య. వకీలు, బిల్డర్, ఎయిర్‌పోర్టులో రిటైరైన ఆఫీసరు, ముగ్గురివీ రాయడం అయిపోయింది. చివరి పేరు తారాబాయి. అడక్కుండానే ‘మంత్రసాని’ అని రాసేశాడు. తొండుపల్లిలో సగంమంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే.

“అది తుడువు కుర్మయ్యా,” అంది వెనక నిలబడ్డ తారాబాయి.

అతనికి చివుక్కుమంది. “ఏందక్కా, వకీళ్ల పక్కన కూసునేసరికి నామోషీ అయితుందా?”

“నామోషీ కాదు. ఇది చదివిండ్రంటే కాన్పులకు దవాఖానకు పోరు. మళ్ల నా ఇంటికే తోలుకొస్తరు.”

“వస్తే ఏమాయె? నీ హస్తవాసి మంచిది.”

తారాబాయి గోడవైపే చూస్తూ అంది. “మీ అక్క శోభ గూడ గదే అన్నది. కాన్పైనంక నెత్తురు ఆగలే. ఆటోల దవాఖానకు పంపాల్నని నాకు ఎరుకైంది. చెప్పనీకి నోరు రాలే. నా పేరు ఖరాబైతదనుకున్న.”

పాతికేళ్లుగా కుర్మయ్య ఇంట్లో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. శోభను దేవుడే తీసుకుపోయాడనుకున్నారు.

కుర్మయ్య గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి అక్షరాలను ఒక్కొక్కటిగా చెరిపాడు.

“ఇగ ఏం రాయాలె?” అన్నాడు.

ఈసారి అక్కా అనలేదు.