చిమ్మట చిరునామా

తెల్లవారగానే కోడలు పెరట్లోకి వెళ్లి, రాత్రంతా దీపం వెలిగించి ఉంచిన పెట్టె మూత తీసింది. వెలుగుకు వచ్చే చిమ్మటలను పట్టడం, పేరు రాసుకుని వదిలేయడం ఆమె ఈమధ్యే మొదలుపెట్టిన సరదా. పెట్టెలో ఉన్నది ఒక్కటే. గోరంత చిమ్మట. రెక్కలు సగం తెల్లగా, సగం రాగిరంగులో ఉన్నాయి.

"అత్తయ్యా, నా మొదటి చిమ్మట. ఒకసారి చూడండి" అంటూ భూతద్దం అందించింది.

"ఇంట్లో దోమలు చాలవని వీటిని కూడా విందుకు పిలిచావా?" అంటూ వచ్చిన అత్తగారు అద్దంలోంచి చూసి, ఉన్నట్టుండి మాట మార్చింది. "దీన్ని వదిలెయ్యమ్మా. ఇలాంటివి ఎక్కడపడితే అక్కడ ఉంటాయి."

కోడలు అప్పటికే పురుగుల పుస్తకంలో దాని బొమ్మ వెతికి పట్టుకుని పైకి చదివేస్తోంది. "ఇవి ఎక్కువగా నిల్వ ఉన్న పిండిలో, పప్పుల్లో పుడతాయి."

తన సామాన్ల గదిలో పురుగన్న మాటే లేదని అత్తగారు కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచీ చెబుతూనే ఉంది.

కోడలికి నవ్వు ముంచుకొచ్చింది. పెదవి కొరుక్కుని, తను పేర్లు రాసుకునే పుస్తకం తీసి, దొరికిన చోటు అన్న గడిలో 'పెరడు' అని రాసి చూపించింది.

"పట్టుకున్నది ఇక్కడే కదా అత్తయ్యా. ఇందులో అబద్ధమేముంది?"

అత్తగారు లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం కోడలు దీపం సర్దుతుంటే మాత్రం పక్కకు వచ్చి నిలబడి, గొంతు తగ్గించి అంది.

"ఈ పూటకి పెట్టె సామాన్ల గదిలో పెట్టమ్మా. ఎన్ని పడ్డాయో నాకొక్కదానికే చెప్పు. పుస్తకంలో మాత్రం పెరడనే రాసుకో."